చీము అంతా ఒకటి కాదు: సెగగడ్డ నుంచి కల్చర్ రిపోర్టు దాకా

పలాస, కాశీబుగ్గ జీడి పరిశ్రమల్లో పిక్కలు ఒలిచే ఆడవాళ్ళ చేతులు దగ్గరగా చూస్తే వేళ్ళ కొసలు నల్లబడి, గోళ్ళ పక్కన చర్మం పొలుసులు రేగి ఉంటుంది. జీడిపిక్క పెంకులోని నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. చేతికి నూనె రాసుకున్నా, బూడిద అద్దుకున్నా ఎక్కడో ఒకచోట చిన్న పగులు పడక తప్పదు. ఆ పగుల్లోంచి దూరినది నాలుగు రోజుల్లో గోరుచుట్టుగా తేలుతుంది. వేలు ఎర్రబడి, రాత్రంతా సలుపుతూ నిద్ర పట్టనివ్వదు. మర్నాడు పనికి వెళ్ళాలి కనుక ఊళ్ళోని ఆర్ఎంపీ దగ్గర ఒక సూది, మందుల దుకాణంలో రెండు రోజులకు సరిపడా రంగు గొట్టాలు (యాంటీబయాటిక్ క్యాప్సూల్స్). తగ్గితే సరే. తగ్గకపోతే ఇంకో రంగు గొట్టాలు.

ఈ తంతులో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: ఆ వేలిలో చీము పట్టించినది ఏది? చీము అన్నాక చీమే, అందులో తేడాలేమిటి అన్న ధీమా మనలో చాలామందికి ఉంది. సూదులు వేసేవాళ్ళలో మరీ ఎక్కువ. నిజానికి చీము అనేది జబ్బు పేరు కాదు. జ్వరం లాగే అదొక లక్షణం. దాని వెనక మన ముక్కులోనే కాపురముండే బాక్టీరియా ఉండవచ్చు, క్షయ ఉండవచ్చు, వరి మడిలోని మట్టి నుంచి వచ్చిన మొండి జీవి ఉండవచ్చు. ఒకదానికి పనిచేసే మందు ఇంకొకదాన్ని కదిలించదు. పలాస చుట్టుపక్కల ఉన్న ఉద్దానంలో అయితే కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళు ఊరూరా ఉన్నారు. అక్కడ గుడ్డిగా వేసే మందు పనిచెయ్యకపోవడంతోనే ఆగదు, మిగిలి ఉన్న కిడ్నీ శక్తిని కూడా తినేస్తుంది.

చీములో ఎక్కువ భాగం మన శరీరానిదే. ఎముకల మజ్జ రోజుకు దాదాపు పదివేల కోట్ల న్యూట్రోఫిల్ కణాలను తయారుచేసి నెత్తురులోకి వదులుతుంది. తెల్ల రక్తకణాల్లో ఇవే అధికం. నెత్తురులో వీటి ఆయుష్షు ఒక రోజు కూడా ఉండదు. ఎక్కడైనా బాక్టీరియా చొరబడిందని రసాయన సంకేతం అందగానే సన్నని రక్తనాళాల గోడల సందుల్లోంచి బయటికి జారి, అక్కడికి చేరి, బాక్టీరియాను మింగి, తామూ చస్తాయి. చచ్చిన న్యూట్రోఫిల్స్, చచ్చినవీ బతికున్నవీ కలిసిన బాక్టీరియా, కరిగిపోయిన కండ, కాస్త ద్రవం: ఇదే చీము. దానిలోని పచ్చని ఛాయ కూడా చాలావరకు మనదే. న్యూట్రోఫిల్స్ బాక్టీరియాను చంపడానికి వాడే మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైము సహజంగానే ఆకుపచ్చగా ఉంటుంది. పిల్లవాడి చీమిడి పచ్చబడిందని యాంటీబయాటిక్ రాయమని డాక్టరును వేధించేవారు ఈ సంగతి గమనించాలి. వైరస్ వల్ల వచ్చిన జలుబులోనూ ఆ రంగు వస్తుంది.

అన్ని బాక్టీరియాలూ చీము పట్టించవు. కలరాలో చీము లేదు, ధనుర్వాతంలో దానంతటదిగా లేదు. న్యూట్రోఫిల్స్‌ను పెద్ద ఎత్తున రప్పించి, వాటిని అక్కడే చంపగలిగిన వాటికే చీము పట్టించేవి అన్న పేరు దక్కింది. గుండ్రటి వాటిలో స్టెఫైలోకాకస్, స్ట్రెప్టోకాకస్ ముఖ్యం. న్యుమోనియా తెచ్చే న్యూమోకాకస్, మెదడు పొరలకు చీము పట్టించే మెనింగోకాకస్, సెగవ్యాధి తెచ్చే గోనోకాకస్ కూడా ఈ కోవలోవే. కడ్డీ ఆకారంలో ఉండేవాటిలో ఈ.కోలై, క్లెబ్సియెల్లా, ప్రోటియస్, సూడోమోనాస్. చర్మం మీది చీముగడ్డల విషయానికొస్తే మొదటి రెండింటిదే రాజ్యం.

గడ్డ కట్టేది ఒకటి, పాకేది ఒకటి

1880 ప్రాంతంలో స్కాట్లండ్‌లోని అబర్డీన్ నగరంలో అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ అనే సర్జన్ తన రోగుల గడ్డల్లోంచి తీసిన చీమును సూక్ష్మదర్శిని కింద చూశాడు. చిన్న గుండ్రటి జీవులు, కొన్ని గుత్తులుగా, కొన్ని గొలుసులుగా కనిపించాయి. ఆ చీమును ఎలుకలకూ గినీ పందులకూ ఎక్కిస్తే వాటికీ గడ్డలు లేచాయి. వేడి చేసిన చీము ఎక్కిస్తే లేవలేదు. అంటే గడ్డకు కారణం ఆ జీవులే. 1882లో గుత్తులుగా ఉన్నవాటికి ఆయన స్టెఫైలోకాకస్ అని పేరు పెట్టాడు. 1884లో జర్మనీలో రోజెన్‌బాక్ వాటిని విడిగా పెంచి, బంగారు ఛాయలో పెరిగేదానికి ఆరియస్ అని తోక తగిలించాడు. ఆగ్‌స్టన్ గమనించిన మరో సంగతి మనకు కాసేపట్లో అక్కరకొస్తుంది: వేడి, నొప్పి లేని చల్లటి గడ్డల చీములో ఆయనకు ఈ గుండ్రటి జీవులు కనిపించలేదు.

అంతకుముందు ఐరోపా వైద్యుల్లో ఒక నమ్మకం ఉండేది. పుండు నుంచి చిక్కటి, తెల్లటి చీము వస్తే అది మంచి చీము, రోగి బతుకుతాడు. పలచగా నెత్తుటి రసి కారితే ఆశ వదులుకోవాలి. వాళ్ళ పరిశీలనలో తప్పు లేదు, కారణమే తెలియదు. చిక్కటి చీము స్టెఫైలోకాకస్ ఆరియస్‌ది. అది కోయాగ్యులేజ్ అనే పదార్థాన్ని వదిలి, మన నెత్తురులోని ఫైబ్రినోజెన్‌ను గడ్డ కట్టించి, చుట్టూ ఫైబ్రిన్ గోడ కట్టుకుంటుంది. న్యూట్రోఫిల్స్ దాని దగ్గరికి చేరలేవు. కానీ ఆ గోడ వల్ల అది కూడా చాలావరకు అక్కడే ఉండిపోతుంది. కనుక సెగగడ్డ, గోరుచుట్టు, కంటికురుపు, బాలింత రొమ్ములో చీముగడ్డ, మెడ వెనక పది నోళ్ళతో లేచే రాచకురుపు, పిల్లల ఎముకల్లో పట్టే చీము, వీటన్నిటిలో మొదటి అనుమానం దీని మీదే.

పలచటి రసి స్ట్రెప్టోకాకస్ పయోజెనిస్ పని. దాని తీరు పూర్తిగా వేరు. గడ్డ కట్టిన నెత్తురును కరిగించే స్ట్రెప్టోకైనేజ్, కణాల మధ్య ఉండే బంకను కోసేసే హయలురోనిడేజ్, చచ్చిన కణాల డీఎన్‌ఏ జిగటను పలచబరిచే ఎంజైములు దాని దగ్గర ఉన్నాయి. అడ్డుకట్ట అన్నదే లేకుండా, వరదలో వంశధార గట్టు తెంచుకున్నట్టు చర్మం కింద పాకిపోతుంది. మచ్చుకైనా గడ్డ ఉండదు. కాలంతా ఎర్రబడి, కాలి, వణుకుతో జ్వరం వస్తుంది. గజ్జల్లో బిళ్ళ కడుతుంది. (ఈ స్ట్రెప్టోకైనేజే మరో రూపంలో ప్రాణదాత: గుండెపోటు వచ్చినప్పుడు రక్తనాళంలోని గడ్డను కరిగించడానికి ఆస్పత్రుల్లో వాడే చవకైన సూది మందు స్ట్రెప్టోకాకస్ జాతి నుంచి తీసినదే.)

మన రెండు జిల్లాల్లో ఈ స్ట్రెప్టోకాకస్ గురించి వేరే చెప్పుకోవాలి. శ్రీకాకుళం, విజయనగరం బోదకాలు పాత కాపురమున్న ప్రాంతాలు. బోదకాలు ఉన్నవారికి ఏడాదిలో కొన్నిసార్లు చలిజ్వరం వచ్చి కాలు ఎర్రగా వాచడం మామూలే. బోద పురుగు రెచ్చిపోయిందని చాలామంది అనుకుంటారు. చాలాసార్లు కారణం పురుగు కాదు, వాచిన కాలి వేళ్ళ సందుల్లో ఒరిసిన చర్మంలోంచి దూరిన బాక్టీరియా, ముఖ్యంగా స్ట్రెప్టోకాకస్. రోజూ సబ్బుతో కాలు కడిగి, వేళ్ళ సందులు పొడిగా తుడిచి, ఒరుపులకు మందు రాసుకుంటే ఈ జ్వరాలు బాగా తగ్గుతాయి. ఇంత చిన్న పని పెద్ద మందుల కంటే ఎక్కువ మేలు చేస్తుందంటే రోగులే నమ్మరు.

ఇంకో తేడా. స్ట్రెప్టోకాకస్ పయోజెనిస్ నేటికీ పెన్సిలిన్‌కు లొంగుతుంది. ఎనభై ఏళ్ళుగా వాడుతున్నా ఆ మందును తట్టుకునే శక్తి దానికి అబ్బలేదు. స్టెఫైలోకాకస్ అలా కాదు. 1928లో ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను కనిపెట్టింది స్టెఫైలోకాకస్ పెంచిన పళ్ళెంలోనే. మందు ఆస్పత్రుల్లోకి వచ్చిన కొన్నేళ్ళకే దాన్ని విరగ్గొట్టే ఎంజైముతో అది తిరగబడింది. ఆ ఎంజైముకు లొంగని మెథిసిలిన్ 1959లో వచ్చింది, 1961 నాటికే దాన్నీ లెక్కచెయ్యని రకం ఇంగ్లండులో బయటపడింది. అదే ఎంఆర్ఎస్ఏ. స్ట్రెప్టోకాకస్, స్టెఫైలోకాకస్ రెంటినీ ఒకే గొట్టంతో కొట్టాలనుకోవడం ఎంత అమాయకత్వమో చెప్పనక్కర్లేదు.

మామిడిపండ్లు తింటే సెగగడ్డలు లేస్తాయన్న మాట విజయనగరం తోటల దగ్గర కూడా వింటాం. మామిడిపండులో చీము పట్టించేదేమీ లేదు. ఆ కాలంలో ఉక్క ఉంది, చెమట ఉంది, చెమటకాయలు గోకే గోళ్ళున్నాయి. దాదాపు ముగ్గురిలో ఒకరి ముక్కులో స్టెఫైలోకాకస్ ఆరియస్ ఏ హానీ చెయ్యకుండా కూర్చుని ఉంటుంది. ముక్కులోంచి వేలికి, వేలి నుంచి గోకిన చోటికి, దాని ప్రయాణం అంతే. పండు తిన్నవాళ్ళకు గడ్డ లేస్తే గుర్తుంటుంది, తినని వాళ్ళకు లేస్తే ఎవరూ లెక్కపెట్టరు.

ముందు కత్తి, తర్వాత మందు

చీము గూడు కట్టిన తర్వాత దానికి అసలు వైద్యం బయటికి తీయడమే. గడ్డ మధ్యలోకి రక్తనాళాలు ఉండవు, అందువల్ల మింగిన మందు అక్కడికి సరిగా చేరదు. చేరినా చీము ఆమ్లంగా ఉంటుంది, ఆక్సిజన్ తక్కువ. బాక్టీరియా పెరగడం దాదాపు ఆపేసి ఉంటాయి. పెరిగే బాక్టీరియా గోడను పగలగొట్టే మందులకు అక్కడ పని ఉండదు. ఊళ్ళలో గడ్డ కనిపించగానే పొడిచే జెంటామైసిన్, అమికాసిన్ సూదుల సంగతి మరీ ఘోరం. ఆ మందులు బాక్టీరియా లోపలికి వెళ్ళాలంటే ఆక్సిజన్ కావాలి. చీములో అదే లేదు. పైగా అవి కిడ్నీలను దెబ్బతీస్తాయి. నొప్పికి తోడుగా ఇచ్చే డైక్లోఫినాక్ కూడా అంతే. కవిటి, సోంపేట, మందస వైపు కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఏమిటన్నది ఇంకా తేలలేదు. 2023లో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి వచ్చాయి. కారణం తేలేదాకా కనీసం మన చేతులతో మనం ఈ రెండు మందులూ కలిపి పొడవకుండా ఉండవచ్చు కదా.

పాతకాలపు వాళ్ళు గడ్డ పండిందా లేదా అని వేలితో నొక్కి చూసేవారు. సున్నం, బెల్లం కలిపి పట్టీ వేసి పండే దాకా ఆగేవారు. పచ్చి గడ్డను కోయకూడదు, పండిన గడ్డను ఉంచకూడదు అన్న సూత్రం ఆయుర్వేదంలో సుశ్రుతుడి కాలం నాటిది, ఈనాటి సర్జన్లూ దాన్నే పాటిస్తారు. కాకపోతే చిట్లిన గడ్డ మీద సున్నం, పేడ, ఆకుల ముద్ద పెట్టడం వేరే సంగతి. ధనుర్వాతాన్ని చేతులారా పిలవడమే. ముఖం మీద, ముక్కు పక్కన, పైపెదవి మీద లేచిన కురుపును చిదమడం ఇంకా ప్రమాదం. అక్కడి సిరలకు మెదడు కింది సిరలతో నేరుగా దారి ఉంది.

గడ్డ కోసేటప్పుడే ఆ చీమును పరీక్షకు పంపాలి. తర్వాత పంపుదాంలే అంటే పదిరకాల గొట్టాలు మింగాక పంపడమే అవుతుంది, అప్పుడు పళ్ళెంలో ఏదీ పెరగదు.

ప్రయోగశాలలో ఏం జరుగుతుంది

నమూనా తీయడంలోనే సగం ఫలితం ఉంది. పుండు పైన ఎండిన చెక్కు మీద దూదిపుల్ల తిప్పి పంపితే చర్మం మీద మామూలుగా ఉండే జీవులే పెరుగుతాయి. స్టెరైల్ సెలైన్‌తో పుండు కడిగి, లోపలి నుంచి సిరంజితో లాగిన చీమే అసలైన నమూనా. దూదిపుల్లే గతి అయితే రెండు తీయాలి: ఒకటి స్లైడుకు, ఒకటి పళ్ళెంలో పెంచి చూసే కల్చర్‌కు. రెండు గంటల్లో ప్రయోగశాలకు చేరాలి. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం వంద కిలోమీటర్లకు పైనే కాబట్టి అక్కడి నుంచి పంపేవారు ఏమీస్ లాంటి రవాణా మాధ్యమం ఉన్న గొట్టంలో పంపాలి. కొన్నిసార్లు ఆపరేషన్ గదుల నుంచి చీము ఫార్మలిన్ సీసాలో వస్తుంది. బయాప్సీ ముక్కకు అది మంచిదే, చీముకు కాదు. ఫార్మలిన్‌లో బాక్టీరియా అప్పటికే చచ్చి ఉంటాయి. ఆ సీసాతో చెయ్యగలిగింది ఏమీ లేదు, రోగిని మళ్ళీ పిలవడం తప్ప.

మొదటి పని గ్రామ్ రంగు వెయ్యడం. 1884లో డెన్మార్క్‌కు చెందిన హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ చూపిన పద్ధతి. చీమును గాజు స్లైడు మీద పలచగా పూసి, ఆరబెట్టి, మంట మీద చూపించి, ఊదా రంగు, తర్వాత అయోడిన్, తర్వాత కొన్ని సెకన్లు ఆల్కహాలుతో కడగడం, చివరికి ఎర్ర రంగు. మందమైన గోడ ఉన్న బాక్టీరియా ఊదా రంగును పట్టుకుని ఉంటాయి, పలచటి గోడవి దాన్ని వదిలేసి గులాబీగా మారతాయి. ఆ కడిగే సెకన్లలోనే ఉంది చేతి నేర్పు. ఎక్కువసేపు కడిగితే ఊదా జీవి గులాబీగా కనిపించి డాక్టరును పక్కదారి పట్టిస్తుంది. సరిగా వేసిన స్లైడును వెయ్యి రెట్లు పెద్దది చేసి చూస్తే చిట్లిన న్యూట్రోఫిల్స్ గులాబీ ముద్దల మధ్య, కొన్నింటి కడుపులోనే, ముదురు ఊదా చుక్కలు గుంపులుగా కనిపిస్తాయి. అది స్టెఫైలోకాకస్. చుక్కలు వరసగా ఉంటే స్ట్రెప్టోకాకస్. జంటలుగా, కొసలు సన్నగా ఉంటే న్యూమోకాకస్. న్యూట్రోఫిల్స్ లేకుండా చర్మపు పొలుసు కణాలే నిండి ఉంటే నమూనా సరిగా తీయలేదని అర్థం. ఈ కబురంతా గంటలోపు డాక్టరుకు చేరవచ్చు. ఇంత త్వరగా, ఇంత చవకగా ఇంత చెప్పే పరీక్ష మరొకటి లేదు, అయినా దీన్ని అడిగే డాక్టర్లు తక్కువ. కల్చర్ రాస్తారు, గ్రామ్ స్లైడు మరిచిపోతారు.

తర్వాత అదే చీమును గొర్రె నెత్తురు కలిపిన బ్లడ్ అగార్ పళ్ళెం మీద, మెకాంకీ అగార్ మీద గీస్తారు. ఈ అగార్ సముద్రపు నాచు నుంచి తీసిన జిగురు. 1881 ప్రాంతంలో రాబర్ట్ కాఖ్ ప్రయోగశాలలో పనిచేస్తున్న వాల్తర్ హెస్సేకు దాన్ని వాడమని చెప్పింది వంటింట్లో దాన్ని ఎరిగిన ఆయన భార్య ఫానీ. అంతవరకూ జెలటిన్ వాడితే 37 డిగ్రీల వేడికి కరిగిపోయేది. మర్నాటి పొద్దునకు బ్లడ్ అగార్ మీద గుండ్రటి, నునుపైన, బంగారు పసుపు కాలనీలు (బాక్టీరియా గుంపుగా పెరిగిన చుక్కలు), వాటి చుట్టూ నెత్తురు కరిగి తేటపడిన వలయం ఉంటే స్టెఫైలోకాకస్ ఆరియస్ మీద అనుమానం బలపడుతుంది. గుండుసూది తలంత చిన్న కాలనీ, దాని చుట్టూ కాలనీ కంటే పెద్ద వలయం ఉంటే స్ట్రెప్టోకాకస్. మెకాంకీ మీద పెరిగితే అది గ్రామ్ స్లైడులో గులాబీగా కనిపించే కడ్డీ జీవి; ఈ.కోలై అయితే లాక్టోజ్‌ను పులియబెట్టి కాలనీ కూడా గులాబీగా మారుతుంది.

అనుమానం తీర్చే పరీక్షలు చూడటానికి సరదాగా ఉంటాయి. కాలనీని పుల్లతో తీసి 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్కలో ముంచితే బుస్సున నురగ లేస్తే స్టెఫైలోకాకస్, లేవకపోతే స్ట్రెప్టోకాకస్. కాలనీతోపాటు కింది బ్లడ్ అగార్ కూడా గీరుకుని వస్తే నెత్తురులోనూ ఉండే, నురగ లేపే కేటలేజ్ ఎంజైము వల్ల దొంగ నురగ వస్తుంది, కొత్తవాళ్ళు చేసే పొరపాటు ఇదే. తర్వాత కోయాగ్యులేజ్. చిన్న గొట్టంలో కాస్త ప్లాస్మా తీసుకుని కాలనీని కలిపి 37 డిగ్రీల దగ్గర ఉంచుతారు. నాలుగు గంటల్లోపు గొట్టం వంచి చూస్తారు. ప్లాస్మా జారకుండా గడ్డ కట్టి అడుగునే నిలబడితే అది ఆరియస్. వేలిలో గోడ కట్టిన పదార్థమే గొట్టంలోనూ గడ్డ కట్టించింది. గడ్డ కట్టకపోతే చర్మం మీద మామూలుగా ఉండే స్టెఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్ లాంటిది కావచ్చు. చాలాసార్లు అది నమూనాలోకి తోవతప్పి వచ్చినదే. డయాలిసిస్ గొట్టమో, కీలులో అమర్చిన లోహమో ఉన్నవారిలో మాత్రం దాన్ని కొట్టిపారెయ్యకూడదు.

స్ట్రెప్టోకాకస్‌లను గుంపులుగా విడదీసే పద్ధతి 1933లో రెబెక్కా లాన్స్‌ఫీల్డ్ ఇచ్చింది. పయోజెనిస్ అందులో ఇంగ్లిష్ 'A' గుంపు. తక్కువ మోతాదు బాసిట్రాసిన్ మందు నింపిన బిళ్ళ చుట్టూ అది పెరగదు. దాన్ని కచ్చితంగా పట్టుకోవడం ఎందుకంటే, పిల్లల గజ్జి పుండ్లలో ఇది చేరితే కొన్ని వారాల తర్వాత ముఖం ఉబ్బి, మూత్రం టీ డికాక్షన్ రంగులో రావచ్చు. కిడ్నీ వాపు అది. (ఉద్దానం జబ్బు ఇది కాదు, రెంటినీ కలపకూడదు.)

పెద్ద ఆస్పత్రుల్లో ఈ పరీక్షలన్నిటి పనీ యంత్రాలు చేస్తున్నాయి. కాలనీని లేజరుతో కొట్టి ప్రొటీన్ల బరువు చూసి నిమిషాల్లో పేరు చెప్పే పరికరాలూ ఉన్నాయి. అవి లేకపోయినా దిగులు లేదు. శ్రీకాకుళంలో 2008 నుంచి, విజయనగరంలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి, నెల్లిమర్లలో మహారాజా వైద్య కళాశాల ఉంది. వైద్య కళాశాల అన్నాక మైక్రోబయాలజీ విభాగం తప్పనిసరి. పైన చెప్పిన పళ్ళెం, పుల్ల, గొట్టం చాలు.

ఏమీ పెరగని చీము

"నో గ్రోత్" అని రిపోర్టు వస్తే రోగి సంబరపడతాడు. తొందరపడకూడదు. అప్పటికే యాంటీబయాటిక్ మింగి ఉండవచ్చు. లేదా ఆక్సిజన్ తగిలితే చచ్చే బాక్టీరియా కావచ్చు. పంటి చీము, పేగు పక్కని చీము, షుగరు ఉన్నవారి కుళ్ళిన పాదం ముక్కు మూసుకునేంత దుర్వాసన వేస్తే వీటి పనే. వీటికి సిరంజిలో గాలి లేకుండా పంపాలి, దూదిపుల్ల పనికిరాదు. మెడలోనో వెన్ను పక్కనో నెలల తరబడి మెల్లగా పెరిగి, ఎర్రదనం, సలుపు లేని గడ్డ అయితే క్షయ. ఆగ్‌స్టన్‌కు గుండ్రటి జీవులు కనిపించని చల్లటి గడ్డల్లో చాలావరకు ఇవే. ఇలాంటి చీమును సీబీనాట్ అనే క్షయ జన్యు పరీక్షకు పంపితే రెండు గంటల్లో తేలుతుంది, ప్రభుత్వం ఉచితంగా చేస్తుంది. కాలేయంలోంచి చాక్లెట్ రంగు చీము వస్తే, ముఖ్యంగా కల్లు తాగే మగవారిలో, అమీబాను అనుమానించాలి. సూది వేయించుకున్న చోట వారాల తర్వాత గడ్డ లేచి, కోసినా మానకపోతే క్షయ జాతికే చెందిన వేరే జీవులు కావచ్చు. అవి పెరగడానికి వారం దాకా పడుతుంది, పళ్ళేలను మూడో రోజే పారేసేవారికి ఎప్పటికీ దొరకవు.

పెరిగినా పొరపాటు పడేది ఒకటుంది. 1911లో రంగూన్‌లో విట్‌మోర్, కృష్ణస్వామి అనే ఇద్దరు వైద్యులు శవపరీక్షల్లో ఊపిరితిత్తులు, కాలేయం, ప్లీహం నిండా చీముగడ్డలున్న కొత్త జబ్బును గుర్తించారు. మన జిల్లాల నుంచి వేలమంది కూలీలు ఓడలెక్కి రంగూన్ వెళ్తున్న రోజులవి. మెలియాయిడోసిస్ అనే ఆ జబ్బును తెచ్చే బర్ఖోల్డేరియా సూడోమల్లై వేడి దేశాల తడి మట్టిలో, మడి నీటిలో బతుకుతుంది. కాలి పగుళ్ళలోంచి, గాలివానలో తుంపర్ల ద్వారా దూరుతుంది. ఆరోగ్యవంతులను పెద్దగా పట్టించుకోదు. షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవారిని కసిగా పట్టుకుంటుంది. ఆంధ్ర, ఒడిశా తీరం దానికి తగిన నేల. వానలు, తుపాన్ల తర్వాత ఇలాంటి కేసులు పెరగడం చాలా దేశాల్లో చూశారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు వారాల తరబడి బురదలో తిరిగినవారిని తలచుకుంటే ఈ హెచ్చరిక ఎంత దగ్గరిదో తెలుస్తుంది.

ప్రయోగశాలలో ఇది వేషం మార్చుకుంటుంది. గ్రామ్ రంగుకు గులాబీ కడ్డీ, రెండు కొసలూ ముదురుగా, మధ్య ఖాళీగా, పిన్నీసులా ఉంటుంది. ఆక్సిడేజ్ పరీక్షలో ఊదా రంగు వస్తుంది. ఇంతవరకు చూసి చాలామంది "సూడోమోనాస్" అని రాసేస్తారు, లేదా గాలిలోంచి పడిన చెత్త అని పారేస్తారు. గుర్తుపట్టే చిట్కా మందు బిళ్ళల్లోనే ఉంది: జెంటామైసిన్‌కూ కోలిస్టిన్‌కూ లొంగదు, అమాక్సిసిలిన్, క్లావులనేట్ జంటకు లొంగుతుంది. నిజమైన సూడోమోనాస్ ఎరుజినోసా ఇందుకు సరిగ్గా తలకిందులు, పైగా నీలి ఆకుపచ్చ రంగుతో, తీయటి వాసనతో పెరుగుతుంది. ఆ వాసన కోసం పళ్ళెం మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకునే పాత అలవాటు మానడం మంచిది. లోపలున్నది మెలియాయిడోసిస్ జీవి అయితే టెక్నీషియన్ ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. దీనికి వైద్యం కూడా వారం గొట్టాలు కాదు. కనీసం రెండు వారాలు సిరలోకి సెఫ్టాజిడైమ్ లేదా మెరోపెనెమ్, ఆ తర్వాత మూడు నెలలు కోట్రైమాక్సజోల్. పేరు తప్పితే వైద్యం మొత్తం తప్పుతుంది.

రిపోర్టు చదవడం

బాక్టీరియాను ముల్లర్ హింటన్ అగార్ మీద పరిచి, మందు నింపిన చిన్న కాగితపు బిళ్ళలు పెడితే మర్నాటికి బిళ్ళ చుట్టూ ఏమీ పెరగని వలయాలు ఏర్పడతాయి. 1966లో బావర్, కిర్బీ, వారి సహచరులు దీన్ని ప్రామాణికం చేశారు. ఎక్కువ వెడల్పు వలయమున్న మందే బలమైనది అనుకోవడం పొరపాటు. ఒక్కో మందు అగార్‌లో పాకే వేగం ఒక్కో రకం. దేనికి దానికే వలయపు హద్దు కొలత ఉంటుంది. సెఫాక్సిటిన్ వలయం 21 మిల్లీమీటర్లు, అంతకు తక్కువైతే ఆ స్టెఫైలోకాకస్ ఎంఆర్ఎస్ఏ. సెఫాక్సిటిన్ ఎవరికీ ఇవ్వడానికి కాదు, కేవలం గుర్తు. దాని ఎదురుగా "ఆర్" (లొంగదు) అని ఉంటే క్లాక్ససిలిన్, సెఫలెక్సిన్, సెఫ్ట్రియాక్సోన్ అన్నీ వృథా. "ఎస్" (లొంగుతుంది) అని ఉంటే ఆ పాత చవక మందులే ఖరీదైన వాంకోమైసిన్ కంటే బాగా పనిచేస్తాయి.

ఎరిత్రోమైసిన్ బిళ్ళను క్లిండామైసిన్ పక్కన పెట్టినప్పుడు క్లిండామైసిన్ వలయం ఆ వైపు చదునుగా నొక్కుకుపోయి ఇంగ్లిష్ డీ అక్షరంలా తయారైతే ఆ మందు పైకి పనిచేస్తున్నట్టున్నా వైద్యం మధ్యలో చేతులెత్తేయవచ్చు. స్టెఫైలోకాకస్ మీద వాంకోమైసిన్‌ను ఈ బిళ్ళ పద్ధతిలో చూసిన రిపోర్టును నమ్మకండి. చీము రిపోర్టులో నైట్రోఫ్యూరంటాయిన్ కనిపిస్తే ఆ ప్రయోగశాల కాగితాన్ని కూడా కాస్త అనుమానంగానే చూడండి; అది మూత్రంలో తప్ప మరెక్కడా పనిచేసేంతగా చేరదు.

చీము పంపేటప్పుడు కాగితం మీద వయసుతోపాటు గడ్డ ఎక్కడ ఉంది, ఎన్ని రోజులైంది, ఏ మందులు అప్పటికే వాడారు, షుగరు ఉందా, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంత, పొలం పనులు చేస్తారా అన్నది రాయించుకోవాలి. క్రియాటినిన్ ఎక్కువ ఉన్నవారికి మందు పేరు ఎంత ముఖ్యమో మోతాదు, మందుకూ మందుకూ మధ్య గంటలు అంత ముఖ్యం. ఇక ఏడాదిలో మూడు నాలుగు సార్లు సెగగడ్డలు లేచేవారు ప్రతిసారీ కొత్త గొట్టాల కోసం వెతకకుండా ముందు షుగరు చూపించుకోవాలి. షుగరు లేకపోతే ముక్కులోని స్టెఫైలోకాకస్ సంగతి చూడాలి: డాక్టరు సలహాతో ముపిరోసిన్ పూతమందు అయిదు రోజులు, పూటకోసారి చొప్పున రోజుకు రెండుసార్లు, ముక్కు రంధ్రాల లోపల, గోళ్ళు పొట్టిగా, తువ్వాలు ఎవరిది వారికి, దుప్పట్లు వేడినీళ్ళలో. ఇంట్లో ఇంకెవరికైనా గడ్డలు లేస్తుంటే వాళ్ళకూ ఇదే, అందరికీ ఒకేసారి. ఒకరు వాడి మరొకరు మానేస్తే నెల తిరక్కుండా అదే బాక్టీరియా అదే ఇంట్లో మళ్ళీ చేతులు మారుతుంది.